కఠినపదములు విడిచిన కవి: శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితము

ఇస్నాపూరు నుండి హైదరాబాదు పోవు పెద్దబాట వెంట కొంతదూరము సాగినచో పటాన్‌చెరువు వచ్చును. మన విద్యార్థులలో పెక్కండ్రు ఆ దారినే ప్రతిదినమును వచ్చిపోవుచున్నారు. లారీల వరుసలును, కర్మాగారముల పొగగొట్టములును తప్ప అచట చూడదగినది లేదని వారు తలంతురు. కాని పదునారవ శతాబ్దమున ఆ యూరికి పొట్లచెరువని పేరు. గోలకొండ నేలిన ఇబ్రహీము కుతుబుషా (1550-1580) కాలమున అమీనుఖానను నధికారి యచట నుండెను. పొరుగుననున్న అమీన్‌పూరు ఆయన పేరనే వెలసినదని చెప్పుదురు. ఆ ఖానునకు పొన్నిగంటి తెలగనార్యుడను కవి యయాతిచరిత్రమను కావ్యము నంకితమిచ్చెను. అచ్చతెనుగున వెలసిన మొదటి కావ్య మదియే యని పండితులు చెప్పుదురు.

అచ్చతెనుగన నేమి? సంస్కృతము నుండి ఉన్నవి యున్నట్లుగా తెచ్చుకొన్న మాటలను వ్యాకర్తలు తత్సమము లందురు. సూర్యుడు, రాత్రి, అగ్ని యనునవి యట్టివి. వానిని విడిచి, మారి మనవైన రాతిరి వంటి తద్భవములను, మొదటినుండి మనవేయైన ప్రొద్దు, నిప్పు వంటి దేశ్యములను మాత్రమే వాడినచో అది అచ్చతెనుగగును. మన నాలుకపై నాడు మాటలతోనే కావ్యము చెప్పవచ్చునని చూపుట మెచ్చదగిన తలంపే. అయితే కాలము గడచుకొలది ఆ నియమము ఒక పందెమయ్యెను. సూర్యుడన్న రైతునకు తెలియును, ప్రొద్దన్నను తెలియును. వేవెలుగన్నచో ఆతడు తెల్లబోవును. చంద్రుని చలివెలుగనియు, హనుమంతుని గాడ్పుచూలి యనియు చెప్పవలసివచ్చెను. తెలుగు మాటలకే తెలుగువారు నిఘంటువులు వెదకుకొనవలసిన దినములు వచ్చెను. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును, అడిదము సూరకవి ఆంధ్రనామశేషమును అట్టి పదములను కూర్చిన గ్రంథములే.

మన పొరుగూర మొదలైన ఈ పందెమును మూడువందల యేండ్లకు పిమ్మట గోదావరి యొడ్డున ఒక యువకుడు పూని, గెలిచి, గెలిచిన పిమ్మట తానే దానిని విడిచిపెట్టెను. ఆతడే శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఈ సంవత్సరపు సంచికకు వారి జీవితమునే ఏల యెన్నుకొంటిమో తుదను విన్నవించుకొందుము. అందు మా తప్పిదమొకటి యున్నది.

వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించుటచే పెదతండ్రి వారిని పెంచెను. శరీరము దుర్బలము, బాల్యమునుండియు వ్యాధి వారిని పీడించుచుండెను. ఆటలకు శక్తి చాలని బాలుడు పుస్తకములయం దాసక్తుడగుట వింతగాదు. వీథిబడిలో తెలుగు నేర్చి, పిమ్మట దొరతనమువారి పాఠశాలలో ఇంగ్లీషు చదివిరి. 1861లో, పదుమూడేండ్ల వయస్సున, ఆనాటి యాచారము ననుసరించి వారికి వివాహమయ్యెను. భార్య రాజ్యలక్ష్మమ్మగారు అప్పటికి చిన్న బాలిక. ఈ యిల్లాలే తరువాతి కాలమున భర్తకు కుడిభుజమైనది.

ఆ దినములలో తెలుగుకవి యనిపించుకొనుటకు మార్గమొక్కటే. ఇతరులు చేయలేని పద్యమును చేసి చూపవలెను. వీరేశలింగము పంతులుగారు కౌమారముననే శతకములు రచించిరి. పిమ్మట శుద్ధాంధ్రోత్తర రామాయణమును, శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిరి. ఈ రెండవదాని పేరులోనే మూడు సంకెళ్లున్నవి. శుద్ధాంధ్రమనగా తత్సమము లుండరాదు. నిర్వచనమనగా నడుమ వచనముండరాదు. అంతయు పద్యమే కావలెను. నిరోష్ఠ్యమనగా పెదవులు తగులు అక్షరములుండరాదు. అనగా ప, ఫ, బ, భ, మ యను నైదును విసర్జింపవలెను.

విద్యార్థులారా, ఈ మూడవ సంకెల యెట్టిదో మీరే పరీక్షించి చూడుడు. అమ్మ యనరాదు. బిడ్డ యనరాదు. పని యనరాదు. పుస్తక మనరాదు. తుదకు మాట యనియు అనరాదు. ఆ కథకు నాయిక దమయంతి. ఆ పేరునను మకారమున్నది. తన కథానాయికను పేరుపెట్టి పిలువలేని కవి యెంత శ్రమపడవలెనో యోచింపుడు. అట్టి కావ్యమును ముగించుట సామాన్యపు పని కాదు. పండితులు తలయూచిరి, యువకునకు పేరు వచ్చెను. కాని ఆ కావ్యమును పండితులు తప్ప చదువగలవా రెవ్వరు?

పద్యముననే కాదు, గద్యమునను వారు మొదట ప్రౌఢమార్గమునే పట్టిరి. చెన్నపట్టణమున పరవస్తు చిన్నయసూరిగారు పంచతంత్ర కథలలో మిత్రలాభ మిత్రభేదములను నీతిచంద్రిక యను పేర 1853లో ప్రకటించియుండిరి. ఆ గద్యమునకు సాటి లేదని లోకము మెచ్చుచుండెను. మిగిలిన సంధి విగ్రహములను వీరేశలింగము పంతులుగారు సూరిగారి ఫక్కినే రచించిరి. దీర్ఘసమాసములు, అపూర్వపదములు, అలంకారములు వానిని నింపియున్నవి. అవియు చాలకాలము పాఠ్యగ్రంథములై, బాలురచే కంఠస్థము చేయింపబడినవి.

ఇంతవరకు వారిది పాండిత్యమార్గము. దానినుండి వారిని మరల్చినది బడిపంతులు వృత్తియు, వార్తాపత్రికయు నని మా యభిప్రాయము. ప్రవేశపరీక్షయం దుత్తీర్ణులై, ఉపాధ్యాయ యోగ్యతాపత్రమును పొందిన పిమ్మట వారు సముద్రతీరమందలి కోరంగిలో ఇంగ్లీషు పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైరి. అటనుండి ధవళేశ్వరమునకు వచ్చిరి. కాటను దొర కట్టించిన గోదావరి ఆనకట్ట యున్న యూరు ఇదియే. అచట 1874లో బాలికలకై ఒక పాఠశాలను స్థాపించిరి. ఆ సంవత్సరమే అక్టోబరు నెలలో వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించిరి.

కావ్యమునకు పాఠకులు దొరకకున్నను కవి బ్రతుకవచ్చును. అది తాళపత్రమువలె పెట్టెలో నిలిచియుండును. పత్రిక యట్లు కాదు. చందా కట్టినవాడు చదివి గ్రహింపనిచో మరుసటి యేడు చందా కట్టడు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. లంచములు పుచ్చుకొను ఉద్యోగులను గూర్చియు, కన్యాశుల్కమును గూర్చియు, బాల్యవివాహములను గూర్చియు వ్రాయదలచినవాడు ఎవరికొరకు వ్రాయుచున్నట్లు? లంచమిచ్చి నష్టపోయిన రైతు కొరకు. డబ్బునకు అమ్ముడుపోయిన బాలిక తల్లి కొరకు. వారికి తెలియని భాషలో వారి కష్టమును వర్ణించిన లాభమేమి? వివేకవర్ధనిని నడుపుచు పంతులుగారు క్రమముగా ప్రౌఢశైలిని విడిచి సులభశైలికి దిగిరి. దిగిరను మాట సరికాదు. ఎక్కిరని చెప్పుటయే న్యాయము. కఠినముగా వ్రాయుట వారికి చేతనైన విద్య. సులభముగా వ్రాయుటను వారు క్రొత్తగా నేర్చుకొనవలసి వచ్చెను.

అదే కాలమున చెన్నపట్టణము నుండి కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు ఆంధ్రభాషాసంజీవని యను పత్రికను నడుపుచుండిరి. అది 1871లో స్థాపితమైనది. ఆయన మహాపండితుడు, అపూర్వపదములయందు మిక్కిలి ప్రీతి కలవాడు. ఇంటిలోను వీథిలోను సైతము గ్రాంథికమునే పలుకుచుండెనని ప్రతీతి. స్త్రీవిద్య మొదలగు విషయములందు ఈ యిరువురు పంతుళ్లకును పత్రికలలో పెద్దవాదము జరిగెను. చదువరుల కిదియొక పాఠము. ఇరువురును విద్వాంసులే; ఇరువురకును తెలుగు ప్రాణమే. ఒకరు భాషను భూషణమువలె భద్రపరుపదలచిరి. మరియొకరు దానిని పనిముట్టువలె వాడదలచిరి. కొక్కొండవారిని మేము చులకన చేయుటలేదు. భాష యొక్క పాతసొమ్మును కాపాడువారును ఉండవలెను. కాని ఆనాటి బాలికలకు చదువు రావలెనా వలదా యను ప్రశ్న వచ్చినపుడు, పనిముట్టు పట్టినవాడే వారికి తోడైనాడు.

1883లో పంతులుగారు సతీహితబోధిని యను పత్రికను కేవలము స్త్రీల కొరకు ప్రారంభించిరి. అప్పటికి మన దేశమున అక్షరములు వచ్చిన స్త్రీలు బహుస్వల్పము. అక్షరములు కూడుకొని చదువు పాఠకురాలిని మనస్సునందుంచుకొని వ్రాయుట మహాకావ్యము వ్రాయుటకంటె కష్టము. ఆరోగ్యము, గృహనిర్వాహము, నీతి, సతీచరిత్రములు మొదలగు విషయముల నందు సులభమైన మాటలలో బోధించిరి. శరీరశాస్త్రమును, జ్యోతిశ్శాస్త్రమును, జంతువుల స్వభావములను గూర్చియు తెలుగున సంగ్రహములు వ్రాసిరి. విద్యార్థులకొరకు సంగ్రహ వ్యాకరణమును రచించిరి.

ఇంకను సాహసమైన పని ప్రహసనములలో చేసిరి. వ్యవహారధర్మబోధిని యందు న్యాయస్థానముల చుట్టు తిరుగు ప్లీడర్లను, కక్షిదారులను, బ్రాహ్మవివాహమను దానియందు చిన్నపిల్లను పెండ్లాడగోరు వృద్ధుని చిత్రించిరి. ఈ పాత్రలచే గ్రాంథికము పలికింపక, ఎవరి నోట నుండు మాట వారి నోటనే పెట్టిరి. చదువరులు నవ్విరి, నవ్విన పిమ్మట సిగ్గుపడిరి. నిఘంటువు తెరచి చూచుకొని నవ్వువాడెవడును లేడు గదా! 1880లో తమ విద్యార్థులచేతనే చమత్కారరత్నావళి యను నాటకమును ఆడించిరి. తెలుగునాట ఆధునిక నాటకప్రదర్శనమునకు అదియొక మొదలు.

రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనియందు భాగములుగా వెలువడి 1880లో గ్రంథరూపము దాల్చినది. ఆంగ్లకవి గోల్డ్‌స్మిత్తు రచించిన వికారు ఆఫ్ వేక్‌ఫీల్డు దీనికి ప్రేరకము. అయినను ధవళేశ్వరము వీథులు, దేవాలయము, జ్యోతిష్కులు, బైరాగులు, ముఖస్తుతి చేయు బంధువులు ఇందలివారు. తెలుగున మొదటి నవల యని పెక్కండ్రు దీనిని గౌరవింతురు. దీనిని హచిన్సను అను ఆంగ్లేయుడు ఇంగ్లీషున కనువదింపగా అది 1887లో లండనున ప్రచురితమైనది. నిరోష్ఠ్య నైషధమును పరభాషలోనికి తెచ్చుట యెట్లు? పెదవుల నియమము తీసివేసినచో అందలి శ్రమ యంతయు పోవును. రాజశేఖరుని కష్టసుఖములు మాత్రము ఏ భాషలోనికైనను పోగలవు.

మాటలు సులభమైనంతమాత్రమున జీవితము సులభము కాలేదు. 1879లో రాజమహేంద్రవరమున వితంతువివాహము శాస్త్రసమ్మతమని వారు బహిరంగముగా ఉపన్యసించిరి. అప్పటినుండి కష్టములు మొదలైనవి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు వెంట నిలిచిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన గోగులపాటి శ్రీరాములుగారికి, బాలవితంతువైన గౌరమ్మకు పంతులుగారి యింట వివాహము జరిగెను. ఊరివారు వెలివేసిరి. వంటవారు రాలేదు, నీళ్లు తెచ్చువారు మానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీళ్లు మోసి తెచ్చి వంట చేసిరని చెప్పుదురు.

ఈ ఘట్టమును తలచినపుడెల్ల మాకొక యూహ కలుగును. పంతులుగారు మొదటిమార్గముననే నిలిచియుండినచో వితంతువుల దుఃఖమును గూర్చి యొక యపూర్వ కావ్యము వ్రాసియుందురు. పండితులు శాలువలు కప్పియుందురు. గౌరమ్మ మాత్రము తన మూల కూర్చుండియే యుండెడిది. ఊరివారు వారిని వెలివేయుటకు కారణము వారి మాట అందరికిని తెలియుటయే. తెలియని మాటకు కోపగించువారుండరు.

తరువాత పంతులుగారు చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలయందు తెలుగు పండితులైరి. 1893లో ప్రభుత్వమువారు రావుబహద్దరు బిరుదము నొసగిరి. ఆంధ్రకవుల చరిత్రమను బృహద్గ్రంథమును రచించి, నన్నయ మొదలుకొని వందలకొలది కవుల కాలమును, కృతులను పరిశోధించిరి. అందు మన పొట్లచెరువు కావ్యమును రచించిన తెలగనార్యునకును స్థానమిచ్చిరి. దీనిని గమనింపుడు. కఠినపదములు విడిచినవారు ప్రాచీనకవులను ద్వేషింపలేదు. పాతబంగారమును పెట్టెలో పెట్టి తాళమువేసికొని, అంగడికి పోవునపుడు చిల్లరనాణెములు తీసికొనిపోయిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. పంతులుగారు తమ జీవితకథను స్వీయచరిత్రమను పేర రెండు భాగములుగా ప్రకటించిరి. లోకము వారిని గద్యతిక్కన యని కొనియాడెను.

ఇక వారి లోపమును కప్పిపుచ్చరాదు. వారి సులభశైలియు వ్యాకరణబద్ధమైన గ్రాంథికమే. ప్రహసనములలో తప్ప వారు వాడుకభాష నంగీకరింపలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు మొదలగువారు పుస్తకములయందును శిష్టుల వాడుకభాష యుండవలెనని ఉద్యమించినపుడు వీరేశలింగము పంతులుగారు తొలుత వారితో చేరలేదు. కాని డెబ్బదియేండ్ల వృద్ధాప్యమున మరల నొక యడుగు ముందుకు వేసిరి. 1919వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వాడుకభాషా ప్రచారమునకై స్థాపితమైన సమాజమునకు వారే అధ్యక్షులైరి. పిమ్మట మూడునెలలకే, మే 27వ తేదీన, చెన్నపట్టణమున తనువు చాలించిరి. జీవితాంతమువరకు నేర్చుకొనుచునే యుండుట యనగా ఇదియే.

ఇక మా తప్పిదమును చెప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట విద్యార్థుల తల్లిదండ్రులకు ఉపకారవేతనమును గూర్చి యొక ప్రకటనపత్రము వ్రాయుపని మాకు అప్పగింపబడెను. శిక్షణకళాశాలలో మంచి తెలుగు వ్రాయునని పేరుపొందినవారము గనుక, ఆ పేరు నిలుపుకొనదలచితిమి. దరఖాస్తు అనుటకు అభ్యర్థనపత్రమనియు, ఆఖరు తేదీ యనుటకు చరమదినాంకమనియు వ్రాసితిమి. పత్రము చక్కగా నున్నదని తోటివారు మెచ్చిరి. కర్మాగారమున రాత్రిపని చేయు తండ్రి యొకడు ఆ కాగితమును అందుకొని, రెండుసార్లు చదివించుకొని, బడివారి శుభాకాంక్షలేమో యనుకొని మడిచి జేబున పెట్టుకొనెను. గడువు దాటిన వారమునకు అదే కాగితమును చేతబట్టుకొని వచ్చి, ఇందేమున్నదని మమ్ము వినయముగా అడిగెను. ఆ సంవత్సరపు సాయము ఆతని కుమార్తెకు అందలేదు. ఆతడు మమ్ము నిందింపలేదు. తనకు చదువు రాకపోవుటయే తప్పని చెప్పి వెడలిపోయెను. ఆ మాటయే మాకు శిక్ష.

మన ఇస్నాపూరు చుట్టుపట్ల పరిశ్రమలలో పనిచేయుటకు బీహారు, ఒడిశా మొదలగు దూరదేశములనుండి వచ్చినవారెందరో కలరు. వారి పిల్లలు మన తరగతులలో ఇప్పుడిప్పుడే తెలుగు నేర్చుకొనుచున్నారు. పిల్లలు చదివి చెప్పినగాని తల్లిదండ్రులకు తెలియదు. ఇట్టిచోట వ్రాయు ప్రతిమాటయు ఆ పిల్లల నాలుక దాటి, వారి యింటిలోనికి పోవలసియున్నది.

మా విద్యార్థులు కొందరు వ్యాసములలో క్రొత్తగా నేర్చిన పెద్దమాటలను గుప్పింతురు. వారిని మేము మందలింపము. పదములయందు ప్రీతి దేవుడు బాలుర కిచ్చిన వరము. వీరేశలింగము పంతులుగారికిని అదియే మొదటి మెట్టు. నిరోష్ఠ్యము వ్రాయగలిగినంత పదసంపద యుండుటచేతనే వారు తరువాత ఏ మాట విడువవలెనో, ఏ మాట యుంచవలెనో తెలిసికొనగలిగిరి. కావున ప్రియవిద్యార్థులారా, మాటలను సమృద్ధిగా కూడబెట్టుడు. పాతపద్యములు చదువుడు, నిఘంటువులు తిరుగవేయుడు. కాని కలము పట్టినపుడు మీ వ్రాతను అందుకొనువా రెవరో యొక్కమారు తలచుకొనుడు. వారికి తెలియుమాట మీకు తెలిసియు మరియొకటి వ్రాసితిరేని, అది పాండిత్యము గాదు.

మేమును ఆ నేర్పునే అభ్యసించుచున్నాము. ఇప్పుడు తల్లిదండ్రులకు పత్రము వ్రాసినపుడెల్ల దానిని మొదట ఆరవతరగతి బాలునిచే చదివించి, అర్థము చెప్పించి, పిమ్మటనే పంపుచున్నాము. ఆ బాలుడు ఎచట ఆగిపోవునో అచట మా మాటయే మార్చుకొందుము.